వంటింట్లో రెక్కల పురుగులు: ఎన్నిసార్లు కడిగినా మళ్ళీ ఎందుకొస్తున్నాయి?

అమ్మా, మీరు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. శ్రీకాకుళంలో ఇల్లు. వానలు మొదలైనప్పటి నుంచి చీకటి పడేసరికి వంటింట్లో చిన్న చిన్న రెక్కల పురుగులు ఎగురుతున్నాయి. మూడుసార్లు అరలన్నీ దులిపి కడిగారు, ఒక బస్తా బియ్యం బయట పారబోశారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన జిగురు అట్ట రెండు వారాలైనా ఖాళీగానే ఉంది. ఇప్పుడు మీ అత్తగారు మిల్లు నుంచి గోళీలు తెప్పించి బియ్యం డ్రమ్ములో వేద్దామంటున్నారు. ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది. నేను చాలాకాలం ధాన్యం గోదాముల్లో నిల్వ పురుగుల సంగతి చూసే ఉద్యోగం చేశాను, ఇప్పుడు విజయనగరంలో చిరుధాన్యాలు, పప్పులు అమ్మే కొట్టు నడుపుతున్నాను. నాకు తెలిసినదంతా చెబుతాను.

అన్నిటికంటే ముందు గోళీల సంగతి. వద్దమ్మా, ఇంట్లోకి రానివ్వకండి. మిల్లుల్లో, గోదాముల్లో వాడే ఆ బిళ్ళలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు బయటికొస్తుంది. 3 గ్రాముల బిళ్ళ ఒక్కటి సుమారు 1 గ్రాము గ్యాసు వదులుతుంది. గోదాములో బస్తాల నిట్టు మీద గాలి చొరబడని పట్టా కప్పి, అంచుల చుట్టూ ఇసుక సంచులు పేర్చి, రోజుల తరబడి మూసి ఉంచేవాళ్ళం. తర్వాత బాగా గాలాడనిచ్చి, గ్యాసు లేదని మీటరు చూపించాకే మనుషులు లోపలికి వెళ్ళేవారు. అలాంటిదాన్ని మూత సరిగ్గా పట్టని స్టీలు డ్రమ్ములో వేసి, పక్క గదిలో పాపని పడుకోబెట్టుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఈ గ్యాసుకి విరుగుడు లేదు. మామూలు ఇళ్ళవాళ్ళకి వీటిని అమ్మకూడదన్న నిబంధన పెట్టింది కూడా అందుకే. ఒకవేళ ఇప్పటికే ఎవరైనా వేసి ఉంటే తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి వచ్చేయండి. వాటిమీద నీళ్ళు పోయకండి, చేత్తో తీయకండి, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిపించండి. ఎవరికైనా తలనొప్పి, వాంతులు, ఛాతీ బిగుసుకున్నట్టు ఉండటం, ఆయాసం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేసి, గోళీల సంగతి ముందే చెప్పండి. మీ అత్తగారితో కూడా నెమ్మదిగా కూర్చుని ఇదంతా చెప్పండి. ఆవిడ చెడు కోరి అనలేదు, చాలా ఊళ్ళలో ఈ అలవాటు ఉంది.

ఇక పురుగు విషయానికి వద్దాం. ఎగిరేది మీ తిండి తినదు. రెక్కలొచ్చిన పురుగు వారం రెండు వారాలు బతుకుతుంది, జత కడుతుంది, గుడ్లు పెడుతుంది, చచ్చిపోతుంది. ఆ కొద్దిరోజులూ దానికి ఆహారంతో పనే లేదు. అందుకే బెల్లం నీళ్ళు, పళ్ళ ముక్కలు ఎరగా పెట్టినా రాదు. తినేదంతా అది పెట్టిన గుడ్డులోంచి వచ్చే తెల్ల పురుగు. మీరు మూడుసార్లూ ఎగిరేవాటిని చంపారు, అరలు కడిగారు, కానీ తెల్ల పురుగు కూర్చుని తింటున్న చోటు ఒకటి మీ ఇంట్లో ఇంకా అలాగే ఉంది. ఆ పుట్టిల్లు దొరికేదాకా ఎంత కడిగినా కొన్ని వారాలకి కొత్త తరం ఎగురుతూనే ఉంటుంది.

అది దొరకాలంటే ముందు ఏ పురుగో తెలియాలి. గోడమీద వాలినదాన్ని ఒక గాజు గ్లాసుతో మూసి పట్టుకుని వెలుతురులో చూడండి. రెక్కల్లో తలవైపు మూడోవంతు బూడిద తెలుపుగా ఉండి, మిగతాదంతా రాగి రంగులో మెరుస్తుంటే అది ప్లోడియా. ఇంగ్లీషు వాళ్ళు ఇండియన్ మీల్ మాత్ అనేది దీన్నే. జీడిపప్పు, బాదం, ఎండుద్రాక్ష, ఎండుమిర్చి, పిండ్లు దీనికి ఇష్టం. అలా రెండు రంగులు లేకుండా ఒళ్ళంతా ఒకే బూడిద గోధుమ రంగులో ఉంటే అది కోర్సైరా, అంటే బియ్యం రెక్కల పురుగు. మన ప్రాంతంలో ఇళ్ళలో నేను ఎక్కువగా చూసింది దీన్నే. ఎండుగడ్డి రంగులో, ఇంకా చిన్నగా ఉండి, వెనక రెక్కల అంచుకి సన్నని కుచ్చులాంటి నూగు కనిపిస్తే వడ్ల చిలక. ఈ మూడోది దంచిన బియ్యం జోలికి అంతగా రాదు. వడ్లు, మొక్కజొన్న, జొన్నల్లాంటి నిండు గింజలోపలే పెరిగి, గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది. కాబట్టి అదే అయితే విత్తనం వడ్ల సంచీ ఎక్కడుందో చూడండి. గుమ్మానికి పిచ్చుకల కోసం వరి కంకుల కుచ్చు కట్టి ఉంటే అదీ చూడండి.

మీ జిగురు అట్ట ఖాళీగా ఉండటంతో నాకు కోర్సైరా మీదే అనుమానం ఎక్కువగా ఉంది. బజార్లో దొరికే ఆ అట్టల్లో పెట్టే వాసన సాధారణంగా ప్లోడియా ఆడపురుగు వాసన. దానికి ప్లోడియా మగవి వచ్చి అతుక్కుంటాయి. కోర్సైరాకి ఆ వాసనతో పనిలేదు. అట్ట పాడైంది, మోసపోయాం అని అనుకోనక్కర్లేదు, మీ ఇంట్లో ఉన్నది వేరే జాతి కావచ్చు. ప్లోడియా అయినా సరే ఆ అట్ట మగవాటినే పట్టుకుంటుంది, గుడ్లు పెట్టేవి తప్పించుకుంటాయి. పురుగులు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని లెక్క చూసుకోవడానికి అట్ట పనికొస్తుంది, అంతే. దానిమీదే భారం వేయకూడదు.

కోర్సైరా గురించి ఒక విషయం చెబితే మీకు వెతుకులాట సులువవుతుంది. చెరకు రైతులు తోటల్లో ట్రైకోగ్రామా కార్డులు కట్టడం మీరు చూసే ఉంటారు. ఆ కార్డు మీద అంటించి ఉండేవి ఈ కోర్సైరా గుడ్లే. వాటిలో పెరిగిన ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి చెరకు తొలిచే పురుగు గుడ్లను నాశనం చేస్తుంది. అందుకని ప్రయోగశాలల్లో కోర్సైరాని పనిగట్టుకుని పెంచుతారు. పెంచేటప్పుడు దానికి నిండు బియ్యం పెట్టరు. విరిచిన జొన్నలు గానీ గంటెలు (సజ్జలు) గానీ తీసుకుని, వేరుశనగ పొడి కలిపి, కొంచెం ఈస్టు చేర్చి పెడతారు. అంటే దానికి ఒంటబట్టే తిండి పగిలిన గింజ, నూనె ఉన్న పొడి. కాబట్టి ఇంట్లో బియ్యం బస్తాకంటే ముందు అనుమానించాల్సింది ఉప్మా నూక, బొంబాయి రవ్వ, చోడి (రాగి) పిండి, వేరుశనగ గుళ్ళు, నువ్వులు, నువ్వుల పొడి, గంటెలు, కొర్రలు. మీరు బస్తా బియ్యం పారబోశారు, కానీ నూక డబ్బా సంగతి ఏమీ చెప్పలేదు.

వెతకడం ఇలా. పగటిపూట ఒక అర చొప్పున అన్నీ దించండి. గాజు, ప్లాస్టిక్ డబ్బాలయితే మూత తీయకముందే వెలుతురుకి ఎత్తి పట్టుకుని, లోపలి అంచు, మూత కింది మరలు చూడండి. సాలెగూడు కంటే కాస్త ముతకగా, పొడి అంటుకున్న దారాలు కనిపిస్తాయి. నూకలో, రవ్వలో గింజలు ఒకదానికొకటి అతుక్కుని చిన్న ముద్దలుగా వేలాడుతుంటాయి. ఆ ముద్దని పళ్ళెంలో వేసి విప్పితే లోపల తెల్లటి పురుగు, గోధుమ రంగు తల, కదిలిస్తే వెనక్కి మెలి తిరుగుతుంది. ఈ దారాలే గుర్తు. ముక్కు పురుగు, పెంకు పురుగు దారం కట్టవు. దారాలు లేకుండా నల్లటి పురుగులే కనిపిస్తే అది వేరే కథ. పిండి డబ్బాల్లో ఏమీ కనబడకపోతే పైభాగాన్ని గరిటెతో నున్నగా చదును చేసి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి చూస్తే పురుగు తిరిగిన గీతలు కనబడతాయి.

వంటింటి అరల్లో దొరకలేదంటే వంటింటి బయట వెతకండి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. విజయనగరంలో మా కొట్టుకి వచ్చే ఒకావిడ ఏడాదిపాటు మీలాగే అవస్థ పడ్డారు. వంటిల్లు మొత్తం అద్దంలా పెట్టుకున్నారు. చివరికి వెళ్ళి చూస్తే పూజగది పై అరలో గృహప్రవేశంనాటి నవధాన్యాల మూట, పసుపు గుడ్డలో కట్టింది. గుడ్డ బయటికి బాగానే ఉంది. చేతిలోకి తీసుకుంటే గలగలలాడలేదు, మెత్తగా ఉంది. విప్పితే లోపల గింజలన్నీ దారాలతో ఒకే ముద్ద, మధ్యలో ఖాళీ గూళ్ళు. అప్పటినుంచి నేను ఎవరికి చెప్పినా పూజగది ముందు చూడమంటాను. అక్షతల గిన్నె, కలశంలో వాడిన బియ్యం, ఒడిబియ్యం మిగిలినవి, అన్నీ చూడండి. తర్వాత స్నానాల గదిలో పాప సున్నిపిండి డబ్బా. పెసరపిండి, శనగపిండి కలిసిన ఆ పొడి తేమ తగిలే చోట, సగం మూతతో ఉంటుంది. ఉగ్గు పిండి, బాలింత మందుల పొడులు, అక్వేరియం చేపల మేత, కుక్క బిస్కెట్లు, చిలక్కి పెట్టే గింజలు, అటక మీద పాత గోనె సంచులు, పిండి అంటిన జల్లెడ చట్రం, గ్రైండరు అడుగు. బియ్యం డ్రమ్ముకీ గోడకీ మధ్య పడి ఉన్న గుప్పెడు నూకలు కూడా ఒక తరానికి సరిపోతాయి.

దొరికాక ఏం చేయాలి? పిండి, రవ్వ, సేమ్యా, గూడు కట్టిన జీడిపప్పు దాచుకోవద్దు. అక్కడికక్కడే కవరులో వేసి బిగించి కట్టి, ఆరోజే ఇంటి బయటికి పంపండి. వంటింటి చెత్తబుట్టలో వేస్తే రాత్రికి పాకి మళ్ళీ గోడెక్కుతాయి. మందులేవీ కలపని గింజలయితే ఊళ్ళో కోళ్ళకి వేయొచ్చు, సంతోషంగా తింటాయి. బియ్యం, కందిపప్పు, ఉలవల్లాంటి నిండు గింజల్ని చెరిగి, జల్లించి కాపాడుకోవచ్చు. కాకపోతే చెరిగితే పురుగు పోతుంది గానీ గుడ్డు పోదు. గుడ్డు చావాలంటే బాగా చల్లదనమైనా కావాలి, బాగా వేడి అయినా కావాలి. డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచితే గుడ్డుతో సహా చస్తాయి, నేను వారం ఉంచమంటాను. మన ఇళ్ళలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పై అర అంత చల్లగా ఉండదు. ఫ్రిజ్ కింది అరల్లో పెడితే పురుగు నిద్రపోతుందే తప్ప చావదు. తీసిన పొట్లం వెంటనే విప్పకండి, బయటి వేడికి వచ్చేదాకా అలాగే ఉంచండి. లేకపోతే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

బియ్యం ఎక్కువుంటే ఎండే దారి. కానీ ఎండలో పెట్టడం అంటే చాప మీద కుప్ప పోసి వదిలేయడం కాదు. కుప్ప లోపల చల్లగా ఉంటుంది, పురుగు అక్కడికి దిగిపోతుంది, కొన్ని పాకి మేడ గోడెక్కుతాయి. నల్ల పట్టా మీద అంగుళం మందం కూడా లేకుండా పలచగా పరిచి, మధ్యాహ్నమంతా తిప్పుతూ ఉండండి. గింజ 55 డిగ్రీలకి దగ్గరగా వేడెక్కి గంటసేపు ఉండాలి. మే నెల ఎండలో అది అవుతుంది. ఆషాఢం, శ్రావణంలో మబ్బుల మధ్య అవ్వదు, పైగా గాలిలో తేమ పీల్చుకుని ఇంకా మెత్తబడుతుంది. నిల్వ ఉండే గింజలో తేమ 12 శాతం దాటకూడదని గోదాముల్లో చూసుకుంటాం. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో వానాకాలం అది కష్టం. కాబట్టి ఇప్పుడు ఫ్రీజర్‌కి పట్టినంత ఫ్రీజర్‌లో పెట్టండి. కొత్తగా కొన్న రవ్వని మూకుడులో వేయించి ఆరాక డబ్బాకెత్తండి.

అరలు కడిగే ముందు పొడిగా దులపండి. తెల్ల పురుగు బాగా ఎదిగాక తిండి వదిలి దూరంగా పాకి, సందు చూసుకుని గూడు కట్టుకుంటుంది. అరల్లో పరిచిన పాత న్యూస్‌పేపర్ కింద, పలక కింది వైపు, బందుల సందుల్లో, మేకుల కన్నాల్లో, క్యాలెండరు వెనక, ట్యూబ్‌లైటు పట్టీ మీద, గోడా పైకప్పూ కలిసే మూలల్లో చూడండి. బియ్యపుగింజంత తెల్లటి పొట్లాలు కనిపిస్తాయి. గట్టి బ్రష్షుతోనో, పాత టూత్‌బ్రష్‌తోనో, వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాంతోనో అవన్నీ లాగేయండి. తర్వాత సబ్బునీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. న్యూస్‌పేపర్ మళ్ళీ పరచొద్దు. వెనిగర్ తుడిస్తే గుడ్లు చస్తాయని రాస్తుంటారు, చావవు, జిడ్డు పోతుంది, అంతే. బొద్దింకల స్ప్రే అరల్లో కొట్టకండి. ఎగిరేవి నాలుగు రాలతాయి, గింజల మధ్య ఉన్న పురుగుకి అది అందదు, తినే సామాను మీద మాత్రం మందు పడుతుంది.

ఇంత చేశాక కూడా పది రోజులకి ఒకటో రెండో ఎగిరితే టెన్షన్ పడకండి. ఎక్కడో మిగిలిన గూళ్ళలోంచి వచ్చినవి అవి. మూడు నాలుగు వారాలదాకా అలా అప్పుడప్పుడు వస్తాయి. చీకటి పడ్డాక లైటు దగ్గర గోడమీద వాలినవాటిని గుడ్డతో కొట్టేయండి. ఒక ఆడపురుగు వంద, రెండువందలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ గుడ్లు పెడుతుంది కాబట్టి ఒక్కటి చంపినా లాభమే. మీరు చూసుకోవాల్సింది వరస. తగ్గుతూ పోతే సరే. మూడో వారం తర్వాత సంఖ్య పెరిగిందంటే రెండో పుట్టిల్లు ఒకటుందన్నమాట, ఇంకొకసారి వెతకాలి. మన వేడికి దీని ఒక తరం ఆరేడు వారాల్లో తిరుగుతుంది కనుక రెండు నెలలు ఒక్కటీ కనబడకపోతే పోయినట్టే లెక్క.

వేపాకు, వావిలాకు, ఎండుమిర్చి, బిర్యానీ ఆకు గురించి అందరూ చెబుతారు. కొత్త పురుగు రాకుండా కొంత అడ్డుపడొచ్చు గానీ, ఉన్న పురుగు వాటికి చావదు. పచ్చి వేపాకు మాత్రం బియ్యంలో వేయకండి, దాని తేమకి బియ్యం ముక్కిపోతుంది. నీడలో గలగలలాడేలా ఎండాకే వేయండి. కందిపప్పుకి ఆముదం పట్టించడం మాత్రం నిజంగా మంచి పద్ధతి, కానీ అది పప్పులో పడే పెంకు పురుగు కోసం, రెక్కల పురుగు కోసం కాదు. బోరిక్ పౌడరు కలిపే అలవాటు ఉంటే మానేయండి. కడిగితే పోతుందంటారు గానీ చిన్నపిల్లలు తినే బియ్యంలో అలాంటిది ఉండకూడదు.

పురుగు ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా మనం కొని తెచ్చుకున్న సరుకుతోనే. బస్తా కొనేటప్పుడు కుట్టు దగ్గర దారాలు, పొడి ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. కొత్త బస్తాని పాత డ్రమ్ములో పాత బియ్యం మీద పోయకండి, డ్రమ్ము అడుగంటా ఖాళీ చేసి, తుడిచి, ఆరాక పోయండి. స్టీలు డ్రమ్ము మూత వదులుగా ఉంటుంది, అప్పుడే పొదిగిన పురుగు వెంట్రుకంత సందులోంచి దూరుతుంది. మందపాటి పాలిథీన్ షీటు పరిచి పైన మూత బిగించండి. రవ్వలు, పిండ్లు, పప్పులకి రబ్బరు వాషరున్న డబ్బాలు కొనుక్కోండి. పలచటి కవర్లకి రబ్బరుబ్యాండు వేసి పెడితే లాభం లేదు, ఈ పురుగు కవరుని కొరికి లోపలికెళ్తుంది. పలాస నుంచి తెప్పించే జీడిపప్పు తయారీలో బోర్మా అనే ఆరబెట్టే గది వేడికి ఎండుతుంది, అక్కడ పురుగు బతకదు. ఆ తర్వాత దుకాణాల్లో, ఇళ్ళలో నిల్వ ఉన్నప్పుడే పడుతుంది. కాబట్టి విడిగా తూకం వేసి ఇచ్చిన జీడిపప్పు తెచ్చిన రోజే ఫ్రీజర్‌లో పెట్టేయండి. రుచి ఏమీ మారదు.

చివరగా, పురుగు పట్టిన బియ్యం పాప తినొచ్చా అని అడిగారు. ఈ పురుగు కుట్టదు, కరవదు, రోగాలు మోసుకొచ్చేది కాదు. తెలియక ఒక ముద్ద తిన్నా భయపడక్కర్లేదు. అక్కడక్కడ ఒకటీ అరా కనిపించిన బియ్యాన్ని చెరిగి, ఏరి, నాలుగైదుసార్లు కడిగి పెద్దవాళ్ళు వండుకోవచ్చు. గూళ్ళు కట్టి ముద్దలైనది, ముక్క వాసన వచ్చేది మాత్రం ఎవరూ తినకూడదు. పురుగు పెంట, ఊడిన చర్మం అందులోనే ఉంటాయి, కొందరికి అవి పడవు. పాప అంబలికి వాడే చోడి పిండి విషయంలో రాజీ పడకండి, అనుమానం ఉంటే పారేయండి. చోళ్ళు కడిగి ఎండబెట్టి గింజగానే దాచుకుని, పదిహేను రోజులకి సరిపడా మాత్రమే మర పట్టించండి. మరలో ముందువాళ్ళ పిండి కొంత మిగిలి ఉంటుంది, మీ చోళ్ళలో మొదట పడిన గుప్పెడు పక్కకి తీయించి, మిగతాది ఇంటికి తెచ్చాక సన్న జల్లెడ పట్టి, వారంపాటు ఫ్రీజర్‌లో ఉంచాకే డబ్బాకెత్తండి.